జొటెరో: వెబ్ పేజీని పట్టుకుంటుంది, తేదీని వదిలేస్తుంది

థీసిస్ చివర్లో రిఫరెన్సుల పట్టీ దగ్గర ప్రాణం తీసేవి పుస్తకాలు కావు, వెబ్ పేజీలు. పుస్తకానికి కావలసిన వివరాలన్నీ మొదటి రెండు పేజీల్లో దొరికిపోతాయి. వెబ్ పేజీలో రాసినవాళ్ల పేరు ఒక మూల, తేదీ ఇంకో మూల ఉంటాయి. చాలాసార్లు రెండూ ఉండవు. ఉన్నా, వ్యాసం అచ్చయ్యేలోగా ఆ పేజీ మారిపోవచ్చు, అసలు లేకుండానే పోవచ్చు. అందుకని రిఫరెన్సులను పోగుచేసి పట్టీగా దించిపెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడ ఆ ఒక్క కొలతతోనే చూస్తున్నాం: ఆన్‌లైన్‌లో ఉన్న పత్రాన్ని ఎంత సరిగ్గా పట్టుకుంటుంది, దాన్ని రిఫరెన్సుగా ఎంత సరిగ్గా దించుతుంది. జర్నల్ వ్యాసాల విషయంలో ఈ కోవ సాఫ్ట్‌వేర్లన్నీ ఇంచుమించు ఒకటే. తేడా తెలిసేది వెబ్ పేజీ దగ్గరే.

తీర్పు ముందే చెప్పేస్తే, ఉచితంగా దొరికేవాటిలో ఈ పనికి ఇంతకన్నా మంచిది లేదు. కానీ అది తెచ్చిచ్చిన వివరాలను చూడకుండా వాడితే మాత్రం గైడ్ దగ్గరో రిఫరీ దగ్గరో దొరికిపోతారు.

2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో చరిత్ర, న్యూ మీడియా కేంద్రం వాళ్లు దీన్ని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించే చిన్న ఎక్స్‌టెన్షన్‌గా విడుదల చేశారు. ఇప్పుడది విడి ప్రోగ్రామ్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంది. 2024లో వచ్చిన ఏడో వెర్షన్‌తో రూపం బాగా మారింది. దించుకోవలసినవి రెండు: ఒకటి ప్రోగ్రామ్, రెండోది బ్రౌజర్‌లో కూర్చునే కనెక్టర్. మొదటిది పెట్టుకుని రెండోది మరిచిపోయినవాళ్లే "వెబ్ పేజీలు చేత్తో ఎక్కించుకోవాల్సి వస్తోంది" అని విసుక్కుంటుంటారు. సఫారీ వాడేవాళ్లకు కనెక్టర్ ప్రోగ్రామ్‌తో పాటే వస్తుంది, సెట్టింగుల్లో ఆన్ చేసుకుంటే చాలు. వర్డ్, లిబ్రేఆఫీస్‌లకు కావలసిన ప్లగిన్లు కూడా అందులోనే ఉన్నాయి.

కనెక్టర్ బటన్‌ను నొక్కేముందు దాని బొమ్మను ఒక్క క్షణం చూడాలి. బొమ్మ పేజీని బట్టి మారుతుంది. జర్నల్ వ్యాసం దగ్గర ఒక కాగితం, పుస్తకం వివరాల పేజీ దగ్గర పుస్తకం, వెతికిన ఫలితాల పట్టీ దగ్గర ఫోల్డర్ కనిపిస్తాయి. ఫోల్డర్ నొక్కితే ఏవేవి కావాలో టిక్ పెట్టుకోమంటుంది. ఇవి కనిపించాయంటే ఆ సైటును చదవగల ట్రాన్స్‌లేటర్ జొటెరో దగ్గర ఉందన్నమాట. ట్రాన్స్‌లేటర్ అంటే ఏదో భాషానువాదం కాదు. ఆ సైటు పేజీలో శీర్షిక ఎక్కడుంది, రచయిత ఎక్కడున్నాడు అని చెప్పే చిన్న జావాస్క్రిప్ట్ ముక్క. సైటువాళ్లు పేజీ డిజైన్ మారిస్తే అది ఒక్కోసారి పనిచెయ్యదు, సరిచేసిన కూర్పు వచ్చేదాకా ఆగాలి. నిన్నటిదాకా బాగా వచ్చిన సైటు ఇవాళ ఖాళీ గడులు ఇస్తోందంటే కారణం సాధారణంగా ఇదే.

మామూలు వెబ్ పేజీ బొమ్మ కనిపించిందంటే జాగ్రత్తపడాలి. ఆ సైటుకు ప్రత్యేకమైన ట్రాన్స్‌లేటర్ లేదు. పేజీ శీర్షిక, చిరునామా, చూసిన తేదీ తప్ప మిగతావి చాలావరకు మీరే నింపాలి.

డీఓఐ, అంటే ఆన్‌లైన్ పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు, ఉన్న పత్రానికి ఈ బాధ లేదు. జొటెరోలో మంత్రదండం బొమ్మ నొక్కి నంబరు అతికిస్తే చాలు. పరీక్షగా 10.1145/362384.362685 అని ఇచ్చి చూడండి. 1970 జూన్‌లో వచ్చిన కాడ్ వ్యాసం, రిలేషనల్ డేటాబేస్‌లకు మూలమైనది, సంపుటి 13, సంచిక 6, 377 నుంచి 387 పేజీలు అన్న వివరాలతో వచ్చి కూర్చుంటుంది. పుస్తకాల ఐఎస్‌బీఎన్, వైద్య వ్యాసాల పబ్‌మెడ్ నంబరు, ఆర్కైవ్ సైటులోని ప్రీప్రింట్ (జర్నల్‌లో రాకముందే పెట్టిన ప్రతి) నంబరు కూడా అదే గడిలో పడతాయి. ప్రీప్రింట్‌కు మాత్రం ఒక చిక్కుంది. ఒకే నంబరు మీద మొదటి కూర్పు, రెండో కూర్పు అంటూ చాలా ఉంటాయి, వాటి మధ్య పట్టికల్లో అంకెలు కూడా మారిపోతుంటాయి. చదివింది మూడో కూర్పైతే ఆ సంగతి రిఫరెన్సులో కనిపించాలి. జొటెరో దాన్ని దానంతటది నింపుతుందని నమ్ముకోకండి.

ఈ మంత్రదండానికి ఈ మధ్య ఇంకో ఉపయోగం కూడా పుట్టింది. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సులు నిజమైనవో కావో తేల్చాలంటే వాటి డీఓఐలను వరుసగా ఇందులో వెయ్యండి. కల్పించిన నంబరైతే ఏమీ దొరకదు. ఇంకా ప్రమాదకరమైనది, నంబరు నిజమైనదే అయ్యి వేరే ఎవరిదో వ్యాసం ఊడిపడటం. అందుకే "దొరికింది" అని సంతోషించకుండా వచ్చిన శీర్షికను చదవాలి. వెనక్కి తీసుకున్న వ్యాసమైతే జొటెరో ఎర్రగా హెచ్చరిస్తుంది. 2019 నుంచి రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో పోల్చి చూసే ఏర్పాటు ఇందులో ఉంది. అదీ డీఓఐ గానీ పబ్‌మెడ్ నంబరు గానీ ఉన్నవాటికే పనిచేస్తుంది.

ఇక వెబ్ పేజీలు. ఒక అంతర్జాతీయ సంస్థ సైటులో ఉన్న ఫ్యాక్ట్ షీట్ తీసుకోండి. కనెక్టర్ నొక్కగానే శీర్షిక వస్తుంది, దాని వెనకాలే నిలువు గీత పెట్టి సైటు పేరు కూడా అంటుకుని వస్తుంది. ఆ తోక తీసెయ్యాలి. రచయిత గడి ఖాళీ. అక్కడ ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరును ఇంగ్లిష్‌లో ఉన్నదున్నట్టు కొట్టారనుకోండి, అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. రచయిత గడి మామూలుగా రెండు ముక్కలు: ఇంటిపేరు, సొంత పేరు. సంస్థ పేరు ఆ రెండు ముక్కల్లోకి చీలిపోతే పట్టీలో "ఆర్గనైజేషన్, డబ్ల్యు. హెచ్." అని ఒక మనిషి వెలుస్తాడు. ఇలాంటివి సమర్పించిన థీసిస్‌లలో కూడా కనిపిస్తుంటాయి. మందు చిన్నదే: రచయిత గడి పక్కన ఉన్న చిన్న బొమ్మ నొక్కితే రెండు ముక్కలు కలిసి ఒకటే గడి అవుతుంది. సంస్థల పేర్లన్నీ ఆ ఒక్క గడిలోనే ఉండాలి. రిఫరెన్సులు రాసే పద్ధతుల్లో ఒకటైన ఏపీఏలో రచయితా సైటూ ఒకటే అయినప్పుడు సైటు పేరు రెండోసారి రాయరు కాబట్టి, వెబ్‌సైట్ టైటిల్ అన్న గడి కూడా ఖాళీ చెయ్యాలి.

"అడ్మిన్", "వెబ్ డెస్క్", "స్టాఫ్ రిపోర్టర్" లాంటివి రచయిత గడిలోకి వచ్చి చేరితే తీసెయ్యడం మంచిది. ఇంటిపేరు ముందు వచ్చే పేర్లు ఇంకో తలనొప్పి. తెలుగు, చైనా, హంగరీ పేర్లు సొంత వరుసలో రాసి ఉంటే కనెక్టర్ చివరి పదాన్నే ఇంటిపేరు అనుకుంటుంది, తిరగేసి ఎక్కిస్తుంది. గడిలో ఇంటిపేరూ సొంత పేరూ తారుమారు చేసే ఆప్షన్ రైట్ క్లిక్‌లో ఉంది. ఒక్క నొక్కుతో అయిపోతుంది, కానీ తప్పు పట్టుకోవాల్సింది మీరే.

తేదీ దగ్గర జొటెరో నిజంగానే బలహీనం. పేజీలో తేదీ కంటికి కనిపిస్తూనే ఉంటుంది, కానీ అది కోడ్‌లో సరైన ట్యాగ్‌లో లేకపోతే గడి ఖాళీగానే వస్తుంది. అప్పుడు ఏపీఏ వాడేవాళ్ల వ్యాసంలో "ఎన్.డి." (తేదీ లేదు) అని, అలాంటివి ఒకే సంస్థవి నాలుగుంటే వాటికి ఏ, బి, సి, డి తగిలించి దిగుతుంది. చదివేవాళ్లకు ఏది ఏదో అర్థం కాదు. పేజీ అడుగున "చివరిగా మార్చిన తేదీ" ఉందేమో, ఆ రిపోర్టు పీడీఎఫ్ మొదటి పేజీలో నెల ఉందేమో చూసి చేత్తో నింపండి. నింపేటప్పుడు 05/06/2023 అని రాయకండి. మే ఆరా జూన్ అయిదా అన్నది మీ కంప్యూటర్ భాషా సెట్టింగును బట్టి తేలుతుంది. ఏడాది, నెల, రోజు వరుసలో 2023-06-05 అని రాస్తే అయోమయం ఉండదు. జొటెరో ఎలా అర్థం చేసుకుందో గడి కుడి చివర చిన్న అక్షరాల్లో చూపిస్తుంది, అటు చాలామంది చూడరు. సైటు అడుగున కాపీరైట్ గుర్తు పక్కనుండే ఏడాదిని మాత్రం పేజీ తేదీగా వాడకూడదు. అది సైటు మొత్తానికి సంబంధించినది, ఏటా దానంతటదే మారుతుంది.

చూసిన తేదీ సంగతి వేరు. అది జొటెరో ప్రతి పేజీకీ తానే నింపుతుంది. వచ్చిన గొడవల్లా అది రిఫరెన్సులో కనిపించాలా వద్దా అని. 2019లో వచ్చిన ఏపీఏ ఏడో కూర్పు, మారుతూ ఉండే పేజీలకే "రిట్రీవ్డ్" తేదీ రాయమంటుంది. ఎంఎల్ఏలో అది ఐచ్ఛికం. షికాగో పద్ధతిలో ప్రచురణ తేదీ గానీ సవరణ తేదీ గానీ లేనప్పుడే అవసరం. జొటెరోకు ఏ పేజీ మారుతుందో ఏది మారదో తెలియదు కదా. కాబట్టి ఏపీఏ పట్టీలో అనవసరంగా "రిట్రీవ్డ్" కనిపిస్తే, ఆ పేజీ తాలూకు యాక్సెస్డ్ గడిలోంచి తేదీ తీసెయ్యాలి. ఇంత చిన్న విషయానికి స్టైల్ ఫైలునే తిరగరాసేవాళ్లున్నారు, అక్కర్లేదు. తీసేసేముందు ఆ తేదీని నోట్‌లో పడేసుకుంటే తర్వాత పనికొస్తుంది.

వికీపీడియా విషయంలో మాత్రం జొటెరోను మెచ్చుకోవాలి. పేజీని వెబ్ పేజీగా కాక విజ్ఞానసర్వస్వ వ్యాసంగా ఎక్కిస్తుంది. చిరునామా కూడా మామూలుది కాదు, మీరు చూసిన ఆ కూర్పుకే వెళ్లే శాశ్వత లంకె. కూర్పు సంఖ్యను ఎక్స్‌ట్రా గడిలో రాసిపెడుతుంది. మూడేళ్ల తర్వాత ఎవరైనా ఆ లంకె నొక్కితే మీరు చదివిన వాక్యమే కనిపిస్తుంది. చేత్తో రాసేవాళ్లలో ఈ జాగ్రత్త తీసుకునేవాళ్లు తక్కువ.

చిరునామాల శుభ్రం ఎవరూ పట్టించుకోరు గానీ, పట్టీ అందం చెడేది అక్కడే. సామాజిక మాధ్యమం నుంచి తెరిచిన పేజీ చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాత యూటీఎం అంటూ ఒక పొడుగాటి తోక ఉంటుంది. ఎక్కడినుంచి వచ్చారో లెక్కపెట్టడానికి పెట్టుకున్నదది. తీసేసి పేజీ తెరుచుకుంటోందో లేదో చూసి ఉంచండి. ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదంతా కళ్లు మూసుకుని కొట్టెయ్యకూడదు, కొన్ని సైట్లలో పత్రం నంబరు అక్కడే ఉంటుంది. లైబ్రరీ ప్రాక్సీ ద్వారా తెరిచిన వ్యాసాల చిరునామాలో మీ సంస్థ పేరు కలిసిపోతుంది, బయటివాళ్లకు అది తెరుచుకోదు. డీఓఐ ఉంటే అదే వాడండి. తెలుగు అక్షరాలున్న చిరునామాను కాపీ చేస్తే శాతం గుర్తులూ అంకెలూ కలిసిన చాంతాడు వస్తుంది. తెలుగు లిపిలో ఒక్కో అక్షరమూ కంప్యూటర్ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు, చిరునామాలో బైటుకు మూడేసి గుర్తులు, వెరసి ఒక్క అక్షరానికి తొమ్మిది. ఒత్తులకీ గుణింతాలకీ వేరే లెక్క. పది అక్షరాల శీర్షిక రిఫరెన్సులో రెండు వరుసలు తినేస్తుంది. ఆ పేజీకి పొట్టి లంకె సైటువాళ్లే ఇచ్చివుంటే అది వాడటం మేలు. బయటి లింక్ పొట్టిచేసే సేవలు వద్దు, అవి మూతపడితే మీ లంకె కూడా పోతుంది.

తెలుగు పుస్తకం పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినప్పుడు ఎంఎల్ఏ, షికాగో స్టైళ్లు ప్రతి పదం మొదటి అక్షరాన్నీ పెద్దది చేసిపారేస్తాయి. లాంగ్వేజ్ గడిలో తెలుగు కోడ్ అయిన టి, ఇ అక్షరాలు రాస్తే ఆ పని మానుకుంటుంది.

లంకెలు చచ్చిపోవడం మాటకొస్తే, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్కతేల్చింది. దీనికి జొటెరో ఇచ్చే మందు స్నాప్‌షాట్. కనెక్టర్ నొక్కినప్పుడే పేజీ మొత్తం, బొమ్మలతో సహా, ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలుగా మీ కంప్యూటర్‌లో దిగుతుంది. ఏడో వెర్షన్ నుంచి దాని మీదే హైలైట్లు పెట్టుకోవచ్చు, నోట్సు రాసుకోవచ్చు. చాలా మంచి సదుపాయం. కానీ కిందికి జరిపితే గానీ రాని భాగాలు కొన్నిసార్లు అందులో ఉండవు, వీడియోలు రావు. పేజీని చివరిదాకా ఒకసారి జరిపి, మూసి ఉన్న మడతలన్నీ తెరిచి, ఆ తర్వాతే బటన్ నొక్కాలి. దిగిన స్నాప్‌షాట్‌ను వెంటనే తెరిచి మీకు కావలసిన పేరా ఉందో లేదో చూడాలి. ఆరు నెలల తర్వాత చూస్తే ప్రయోజనం లేదు.

ఇంతకీ స్నాప్‌షాట్ మీ దగ్గరుంటుంది, మీ పాఠకుడి దగ్గర కాదు. అతనికి కూడా కనిపించాలంటే పేజీని బహిరంగ భాండాగారంలో దాచాలి. వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ పేజ్ నౌ అన్నచోట చిరునామా ఇస్తే నిమిషంలో దాస్తుంది. వచ్చిన లంకెలో పద్నాలుగు అంకెలుంటాయి, ఏడాది నుంచి సెకను దాకా ప్రపంచ ప్రామాణిక కాలంలో. ఆ లంకెను జొటెరోలో యూఆర్ఎల్ గడిలో పెట్టి, అసలు చిరునామాను ఎక్స్‌ట్రాలోనో నోట్‌లోనో ఉంచుకోండి. లాగిన్ అడిగే పేజీలు, దాచనివ్వని సైట్లు ఉంటాయి. వాటికి స్నాప్‌షాటే గతి. న్యాయశాస్త్రం వైపు వాళ్లకైతే పర్మా.సీసీ ఉంది. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లోని లంకెల్లో సగం అసలు సమాచారం దగ్గరికి వెళ్లడం లేదని తేలిన రోజుల్లో, 2013లో హార్వర్డ్ లా స్కూల్ లైబ్రరీ మొదలుపెట్టిన సేవ అది. జొటెరోలో ఇలా భాండాగారంలో దాచే బటన్ మామూలుగా లేకపోవడం పెద్ద లోటు. ఇంత చేసినవాళ్లు అదొక్కటీ ఎందుకు వదిలేశారో అనిపిస్తుంది.

వర్డ్‌లో వాడటం సుళువు. యాడ్ సైటేషన్ నొక్కి పేరులో నాలుగక్షరాలు కొడితే దొరుకుతుంది. వచ్చిన బుడగ మీద నొక్కితే పేజీ నంబరు, ముందు మాట, వెనక మాట, రచయిత పేరు దాచడం లాంటివన్నీ ఉంటాయి. వెబ్ పేజీకి పేజీ నంబరు ఉండదు కాబట్టి అక్కడ పేజ్ బదులు పేరాగ్రాఫ్ గానీ సెక్షన్ గానీ ఎంచుకుని సంఖ్య ఇవ్వాలి. వెబ్ పేజీని పీడీఎఫ్‌గా మార్చి అందులో కనిపించిన పేజీ నంబరు రాస్తే తప్పు. వచ్చిన సైటేషన్‌ను వర్డ్‌లో చేత్తో దిద్దడం అందరూ చేసే పొరపాటు. తర్వాతి రిఫ్రెష్‌లో ఆ దిద్దుబాటు ఎగిరిపోవచ్చు. తప్పు జొటెరో గడిలో ఉంది కాబట్టి అక్కడే దిద్దాలి.

సైటేషన్‌లో ఉన్నట్టుండి ఇంటిపేరు ముందు పొడి అక్షరాలు ప్రత్యక్షమైతే కంగారుపడక్కర్లేదు. ఒకే రచయిత పేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరాలతో ఎక్కి ఉంటుంది. ఇద్దరు వేర్వేరు మనుషులనుకుని జొటెరో తేడా చూపిస్తోంది. రెండుచోట్లా ఒకేలా రాస్తే పోతుంది. ఒకే పేజీ రెండుసార్లు ఎక్కినా ఇలాంటి గోలే, ఏడాది పక్కన ఏ, బి వస్తాయి. అప్పుడు ఒకదాన్ని చెరిపెయ్యకండి, డూప్లికేట్ ఐటమ్స్‌లోకి వెళ్లి మెర్జ్ చెయ్యండి. చెరిపేస్తే వర్డ్‌లోని సైటేషన్‌కు లైబ్రరీతో బంధం తెగిపోతుంది, మెర్జ్ చేస్తే నిలుస్తుంది.

నిల్వ గురించి. రిఫరెన్సుల వివరాలు ఎన్నైనా ఉచితంగా సింక్ అవుతాయి. పీడీఎఫ్‌లు, స్నాప్‌షాట్‌లకు ఉచితం 300 ఎంబీ. స్నాప్‌షాట్‌లు ఒక్కోటి కొన్ని ఎంబీలు లాగేస్తాయి కాబట్టి అది త్వరగానే నిండుతుంది. డబ్బు కట్టి పెంచుకోవచ్చు, లేదా సొంత లైబ్రరీ వరకు వెబ్‌డావ్ పద్ధతిలో ఫైళ్లు దాచే వేరే సర్వర్‌కు మళ్లించుకోవచ్చు. గ్రూపు లైబ్రరీలకు ఆ దారి లేదు. నిల్వ నిండుతోందని జొటెరో డేటా ఫోల్డర్‌ను డ్రాప్‌బాక్స్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టడం మాత్రం చేటు. అందులో ఉన్నది నడుస్తున్న డేటాబేస్ ఫైలు. సగం రాసిన స్థితిలో అది అటూ ఇటూ కాపీ అయితే పాడవుతుంది.

మిగతావాటితో పోలిక క్లుప్తంగా. వర్డ్‌లో పుట్టుకతో ఉన్న రిఫరెన్సుల సదుపాయానికి బ్రౌజర్ నుంచి పట్టుకునే దారి లేదు. ఎండ్‌నోట్‌కు డబ్బు కట్టాలి. మెండెలీ 2013 నుంచి ఎల్సెవియర్ చేతిలో ఉంది. పీడీఎఫ్‌లు చదవడానికి బాగుంటుంది గానీ వెబ్ పేజీల దగ్గర ఇంత ఓపిక చూపదు. అయిదారు రిఫరెన్సులున్న చిన్న అసైన్‌మెంట్‌కు జొటెరో కూడా బరువే. జొటెరో వాళ్లదే అయిన జొటెరోబిబ్ సైటులో చిరునామాలు అతికించి పట్టీ దించుకోవచ్చు, ఖాతా అక్కర్లేదు. పట్టీ ఆ బ్రౌజర్‌లోనే ఉంటుంది, హిస్టరీతో పాటు సైటు డేటా తుడిచేస్తే అదీ పోతుంది.

చివరి ప్రతి పంపేరోజు వరుస ఇది. రిఫ్రెష్ చెయ్యండి, స్టైల్ సరిచూడండి, పట్టీలో ప్రతి లంకెనూ మీరు లాగిన్ అయిలేని ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి. ఫైలుకు ఇంకో కాపీ తీసి, ఆ కాపీలోనే అన్‌లింక్ సైటేషన్స్ నొక్కండి. ప్రచురణకర్తకు వెళ్లేది ఆ కాపీ. అన్‌లింక్ చేస్తే సైటేషన్లన్నీ మామూలు అక్షరాలైపోతాయి, ఆ కాపీలో మళ్లీ జొటెరోతో కలిపే దారి లేదు. రిఫరీలు సవరణలు అడిగినప్పుడు పని చెయ్యాల్సింది అన్‌లింక్ చెయ్యని మొదటి ఫైలు మీద.